చేతివాటం

జూన్ 3, మంగళవారం

రాయి అమ్మాయ్. నేను చెప్పింది చెప్పినట్టు రాయి. అందంగా రాయకు. అందంగా రాసేవాళ్ళ వల్లే నాకు ఈ గతి పట్టింది.

ఈ పుస్తకం ఎవరికీ చూపించేది కాదు. నాకు చదువు రాదు కాబట్టి నాకూ చూపించేది కాదు. అలాంటప్పుడు ఎందుకు వదినా రాయడం అని మా ఆడపడుచు కలం పట్టుకుని అడుగుతోంది. ఎందుకంటే, నిన్న నా మాట ఇంకొకరి కాగితం మీదికి వెళ్ళి వేరే మాటై కూర్చుంది. ఇకనుంచి నా మాట నా ఇంట్లో ఉండాలి. పదిహేను రోజుల్లో సంఘం వాళ్ళు నన్ను పిలిచి అడుగుతారు. ఏ రోజు ఏమన్నానో అప్పుడు తడబడకూడదు. రోజూ రాయిస్తాను, రోజూ చదివించుకుంటాను.

రాసే మనిషి గురించి కూడా రాయాలంటోంది. సరే, రాసుకో. మా ఆయన చెల్లెలు. ముప్ఫై ఏళ్ళు టెలిఫోన్ ఆఫీసులో కూర్చుని ఊరందరి మాటలూ విని, విననట్టు ఉన్న మనిషి. ఆడపడుచు అర్ధమొగుడంటారు. మొత్తం మొగుడు పోయి పదకొండేళ్ళయింది, ఈ సగం మిగిలింది. రాస్తూ నవ్వుతోంది. నవ్వకుండా రాయి.

నిన్న జరిగింది ఇది.

చేతిపనుల సంఘం మేడ మీద కుట్టుగది ఉంది. అందులో కిటికీ పక్క చోటు నాది. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా నాది. పోయినవాళ్ళ బట్టలు తెచ్చిస్తే మేం వాటితో బొంతలు కుడతాం. కప్పుకుంటే ఆ మనిషి పక్కనే ఉన్నట్టుంటుందని తెస్తారు. బడిలో చెప్పే టీచరమ్మ ఒకావిడ వాళ్ళమ్మ బట్టలు ఏడు తెచ్చింది. వాటిలో ఒకటి ఆకుపచ్చ నూలు శాలువ. నాలుగు నెలలు కుట్టాను. ఇంతకు ముందు కుట్టినవన్నీ దీనికోసం చెయ్యి తిప్పుకోవడానికేనేమో అనిపించేటంత బాగా వచ్చింది.

నిన్న టీచరమ్మ తీసుకెళ్ళడానికి వచ్చింది. బొంత పరిచాం. గదిలో పన్నెండు మందీ సూదులు ఆపి చూశారు. ఆవిడ వంగి చెంప ఆనించింది. కాసేపటికి లేచి వేళ్ళతో తడుముతూ వెతకడం మొదలుపెట్టింది.

"శాలువ మీద ఒక మాసిక ఉండాలండీ. అమ్మ తనే వేసుకుంది. ఆకుపచ్చ దారం లేక ఎర్రదారంతో వేసింది. అది కనిపించట్లేదు."

"అది పైకి రాదు తల్లీ," అన్నాను. "మాసిక పడిన చోట గుడ్డ చివికి ఉంటుంది. పైన పెడితే ఆరు నెలల్లో పిగిలిపోతుంది."

"మరి ఎక్కడుంది?"

"లోపలికి పోయి ఉంటుంది."

"ఉంటుందా? ఉందా?" అంది రబ్బరుస్టాంపు.

రబ్బరుస్టాంపంటే సంఘం కార్యదర్శి. మేం పెట్టుకున్న పేరు. కాగితం కనిపిస్తే ముద్ర కొట్టనిదే ఆవిడకు నిద్ర పట్టదు.

పన్నెండు మంది ముందు అడిగేసరికి నాకు ఒళ్ళు మండింది. "ఏ గుడ్డ పైకి రావాలి, ఏది లోపలికి పోవాలి, అదంతా నా చేతివాటం. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఇదే నా చేతివాటం. ఇంతవరకు నన్ను అడిగినవాళ్ళు లేరు," అన్నాను.

ఆవిడ రాసుకుంది. వేలిముద్ర వెయ్యమంది. వేశాను. నేనన్న మాటే కదా, భయమెందుకు?

వీధి మలుపు తిరగకముందే మా కుట్టుగది కత్తెరమ్మ వెనక నుంచి పరుగెత్తుకుంటూ వచ్చింది. "ఏం రాయించావక్కా? ముప్ఫై ఒక్క ఏళ్ళుగా తనకు చేతివాటం ఉన్నదని ఒప్పుకున్నారు అని ఉంది అందులో!"

నేనన్నది చెయ్యి తిరిగిన తీరు. ఆవిడ రాసింది పనిమనిషిని మానిపించేటప్పుడు గుసగుసగా అనే మాట. రెండూ ఒకే మాట కావడం నా తప్పా?

సంఘం కూర్చుని తేల్చేదాకా కుట్టుగదికి రావద్దన్నారు. తేలకపోతే ఎప్పటికీ రావద్దనే.

ఇంకొక్కటి రాసి మూసెయ్యి. నేను ఈ జన్మలో పరాయి గుడ్డ బెత్తెడు కూడా ముట్టలేదు.

జూన్ 4, బుధవారం

చదివించుకున్నాను. "బెత్తెడు కూడా" అన్న చోట ఆడపడుచు ఆగింది. ఎందుకాగావంటే దగ్గు వచ్చిందంది. దగ్గలేదు.

జూన్ 5, గురువారం

ఏమీ లేదు. ఎనిమిదింటికి తయారయ్యాను. చెప్పులు తొడుక్కున్నాను. విప్పాను.

జూన్ 6, శుక్రవారం

కత్తెరమ్మ వచ్చింది. కుట్టుగదిలో నా ఎదురుగా కూర్చుని బట్టలు కత్తిరించే మనిషి. కత్తెర పదునే, నోరు అంతకన్నా పదును. రబ్బరుస్టాంపు పంపిన కాగితం తెచ్చింది. ఆడపడుచు చదివింది.

"వయసు పైబడినందువల్ల మతిమరుపుతో గుడ్డ ముక్కను ఎక్కడో పోగొట్టితిని. మాట కూడా పొరపాటున దొర్లినది. క్షమించగలరు." కింద వేలిముద్రకు ఖాళీ.

"వేసెయ్యి అక్కా," అంది కత్తెరమ్మ. "ఒక్క వేలు. సోమవారం నుంచి వచ్చి కూర్చుంటావు. నీ చోటులో అప్పుడే కొత్తావిడ బుట్ట పెట్టేసింది."

"ఏం బుట్ట?"

"పసుపుపచ్చ బుట్ట. ఊలుండలది."

"నా చోటులోనా?"

"వెలుతురు బాగుందంది."

"బాగుండక? ముప్ఫై ఒక్క ఏళ్ళు నేను తుడిచిన అద్దం!"

"అందుకే వేసెయ్యమంటున్నా."

"మతిమరుపు ముసలిదానికి వాళ్ళమ్మ బట్టలు ఎవరిస్తారే? కూర్చోవడానికి చోటిస్తారు, చేతికి గుడ్డ ఇవ్వరు. మడతలు పెట్టమంటారు. గుండీలు ఏరమంటారు. పెద్దావిడ, పాపం, అంటారు."

"దొంగ కన్నా మతిమరుపు నయం కదా."

"అంత నయమైతే నువ్వు మరిచిపో."

మూతి ముడుచుకుని వెళ్ళిపోయింది. టీ సగం వదిలేసింది. మిగతాది నేను తాగాను.

జూన్ 7, శనివారం

"సంచి సంగతి రాయకు."

"రాయట్లేదు వదినా."

"మరి ఆ చెయ్యి ఎందుకు కదులుతోంది?"

"రాయకు అన్నావని రాస్తున్నా."

జూన్ 8, ఆదివారం

సరే, రాయి. కాగితం మీద రాయనిస్తే నాకు తెలుస్తుంది. మనసులో రాసుకుంటే అది ఇంకా ప్రమాదం.

సంచంటే మంచం కింద ఉన్న గళ్ళ సంచి. అందులో ముక్కలున్నాయి. అరచేతి మేర. ఒక్కో బొంతకు ఒక్కటి. అన్నీ కత్తెర కింద పడ్డవి. వడ్రంగి దగ్గర రాలిన పొట్టు వడ్రంగిదే. నా బల్ల పొట్టు నాకిచ్చెయ్యి అని ఎవరూ అడగరు. గుడ్డ వేరు, ముక్క వేరు. పరాయి గుడ్డ ముట్టలేదన్నాను. ముక్క మాట నేనెత్తలేదు.

"కింద పడ్డవా వదినా, పడేసినవా?" అని అడిగింది.

కందకు లేని దురద కత్తిపీటకెందుకట? అది కూడా రాయి. పెద్దక్షరాలతో రాయి.

జూన్ 10, మంగళవారం

బడిలో వేసవి తరగతులు వదిలాక టీచరమ్మ మా ఇంటికి వచ్చింది. తిట్టడానికి వచ్చిందనుకుని నాలుగు జవాబులు నోట్లో సిద్ధం చేసుకున్నాను. ఒక్కటీ పనికి రాలేదు.

"నేను ఫిర్యాదేం ఇవ్వలేదు పెద్దమ్మా. ఎక్కడుందని అడిగానంతే. ఆవిడే రాసేసుకున్నారు."

"రాయడం ఆవిడకు తుమ్ములాంటిది తల్లీ. వస్తే ఆగదు."

నవ్వింది. వేళ్ళ సందుల్లో సుద్దపొడి ఉంది. దాన్ని గోటితో తీసుకుంటూ చెప్పింది.

"మా అమ్మకు కుట్టు రాదు. చొక్కా గుండీ ఊడినా బయట ఇచ్చేది. ఆఖర్లో మంచం దిగలేకపోయింది. ఆ శాలువ చిరిగితే, చేతికందిన దారంతో తనే కుట్టుకుంది. జీవితంలో ఆవిడ వేసిన కుట్లు అవే. నన్ను పిలిచి, ఎలా ఉందే అంది. నేను పిల్లల పేపర్లు దిద్దుతున్నా. తల ఎత్తకుండానే బాగుందమ్మా అన్నా."

సుద్ద వేళ్ళు కొంగుకు తుడుచుకుంది.

"దాన్ని నేను సరిగ్గా ఒక్కసారి కూడా చూడలేదు పెద్దమ్మా. బొంతలో ఉంటుంది కదా, తీరిగ్గా చూద్దామనుకున్నా."

నాకు ఆ మాసిక కళ్ళ ముందు ఆడింది. కోడి గీరినట్టు కుట్లు. ముడి లోపలికి వెయ్యాలని కూడా తెలియదు, పైకే వేసింది, మిరియపు గింజంత. చేతిలోకి తీసుకుని నవ్వాను. కత్తెరమ్మకు చూపించి ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వినంతవరకు బాగా గుర్తుంది. తర్వాత దాన్ని ఏం చేశానో గుర్తు లేదు.

"విప్పి చూస్తే బొంత చెడిపోతుందా?" అంది.

"చెడిపోతుంది. ఒకచోట తెంపితే అంతా వదులైపోతుంది."

తల ఊపింది. పోతూ పోతూ గుమ్మం దగ్గర నా చెప్పులు తిన్నగా పెట్టి వెళ్ళింది.

జూన్ 11, బుధవారం

విప్పితే చెడిపోతుందన్నది అబద్ధం. జానెడు విప్పి మళ్ళీ కుడితే నాకు తప్ప ఇంకొకరికి తెలియదు. ఈ మాట కొట్టెయ్యి అమ్మాయ్.

వద్దు. ఉండనీ.

జూన్ 12, గురువారం

ఇది వదిన చెప్పింది కాదు, నేనే రాస్తున్నాను. పుస్తకం తెమ్మంది. పక్కన కూర్చోమంది. గంట తర్వాత మూసెయ్యమంది.

జూన్ 13, శుక్రవారం

మధ్యాహ్నం తలుపు గడియ వేయించి సంచి మంచం మీద కుమ్మరించాను. అప్పుడు రాయొద్దన్నాను. ఇప్పుడు రాయి.

నాకు అక్షరం రాదు గానీ ముక్క చూస్తే మనిషి తెలుస్తాడు. నీలం చారలది రైలు నడిపే ఆయన చొక్కా. వాళ్ళావిడ తెచ్చి, జేబు మాత్రం కొయ్యకండి, అందులో చెయ్యి పెట్టుకుని నిద్రపోతా అంది. బూడిదరంగుది ఒక పెద్దాయన పైజామా. ఆయన కూతుళ్ళిద్దరూ ఒక్క బొంత కోసం మా గదిలోనే జుట్లు పట్టుకున్నారు, సూదులు కాళ్ళ కింద పడతాయని మేం అరుస్తున్నా వినలేదు. చుక్కలది కవలల్లో ఒకరిది, రెండోవారు కప్పుకోవడానికి. ఒక్కొక్కటే ఆడపడుచుకు చెబుతూ పోయాను. చెబుతుంటే బాగానే ఉంది. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

"ఇదెవరిది?" అంది. తెల్లటి మెత్తటి ముక్క.

"మీ అన్నది."

మా ఆయన చొక్కాలతో కుట్టిన బొంత తనకే ఇచ్చాను. పదకొండేళ్ళుగా అదే కప్పుకుంటోంది.

"నా బొంతలోంచి కూడా తీశావా వదినా?"

"అలవాటు."

పడ్డవి అని నేను ఆదివారం రాయించాను. తీశావా అని అది అడిగితే, అలవాటు అన్నాను. పడ్డది ఒక్కటీ లేదు. ముందు అరచెయ్యి ఆనించి, చుట్టూ కత్తెర పోనిచ్చేదాన్ని. బొంత ఇచ్చేస్తే ఆ మనిషి వెళ్ళిపోతాడు. నాలుగు నెలలు ఒళ్ళో పెట్టుకున్న మనిషి. ఎవరికీ చెప్పకుండా కాస్త ఉంచుకునేదాన్ని. ఇది సమర్థించుకోవడమేనని ఆడపడుచు ముఖం చెబుతోంది. దాని ముఖం ఏం చెబుతోందో రాయకు.

అసలు సంచి ఎందుకు కుమ్మరించానంటే, ఆకుపచ్చ కోసం. ప్రతి ముక్కా తిప్పి చూశాను. ఏడు ఆకుపచ్చవి ఉన్నాయి. ఏదీ ఆ శాలువ కాదు. మళ్ళీ మొదటి నుంచి చూశాను. ఎర్రదారం ఎక్కడా లేదు. టీచరమ్మ వాళ్ళమ్మది ఒకటి దొరికింది, పసుపు పూల జాకెట్టులోది. మాసిక మాత్రం లేదు.

"హమ్మయ్య," అన్నాను. పైకే అన్నాను.

ఆడపడుచు నావైపు చూసింది. "గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది వదినా."

తీయలేదని తెలిసినవాళ్ళు వెతకరు. నేను రెండుసార్లు వెతికాను.

జూన్ 15, ఆదివారం

ఒళ్ళంతా నొప్పులు. పని చేస్తే నడుం ఒక్కటే నొప్పి పుట్టేది. ఊరికే కూర్చుంటే అన్నీ పుడుతున్నాయి. రాయించడం కూడా విసుగ్గా ఉంది. పొద్దున క్షమాపణ కాగితం తీయించాను. ఇంకు డబ్బా తెచ్చి పెట్టింది. వేలు అద్దాను.

"వెయ్యి వదినా," అంది. "ఎవరో ఏదో అనుకుంటారు, నాలుగు రోజులు. నువ్విలా గోడ చూస్తూ కూర్చుంటే నాకు బాగాలేదు."

వేలు నల్లగా ఉంది. కాగితం తెల్లగా ఉంది. అందులో ఉన్న ముసలిది నేను కాదు. అది పోగొట్టుకుంటుంది. నేను పోగొట్టుకోను, ఆ సంగతి సంచికి తెలుసు. దొంగనైనా అవుతాను గానీ పోగొట్టేదాన్ని కాను.

వేలు గోడకు తుడిచాను. సున్నం పాడైందని తిట్టింది.

జూన్ 16, సోమవారం

రేపే. మడత కత్తెర సాన పట్టించాను.

జూన్ 17, మంగళవారం

ఇవాళ్టిది నెమ్మదిగా చెబుతాను. ఒక్క మాట జారనివ్వకు.

సంఘం వాళ్ళు ముగ్గురు, రబ్బరుస్టాంపు, టీచరమ్మ. కత్తెరమ్మను పిలవలేదు, తనే వచ్చింది. నాతో ఆడపడుచు. బల్ల మీద బొంత మడతపెట్టి ఉంది.

"కాగితం తెచ్చారా?" అంది రబ్బరుస్టాంపు.

"తెచ్చాను. ఖాళీగానే ఉంది."

"మరి ఏం చెయ్యమంటారు పెద్దమ్మా? మీరు తేల్చరు, మమ్మల్ని తేల్చనివ్వరు."

"విప్పుతాను."

టీచరమ్మ లేచి నిలబడింది. "చెడిపోతుందన్నారు కదా!"

"అబద్ధం చెప్పాను తల్లీ."

రబ్బరుస్టాంపు అది కూడా రాసుకుంది. రాసుకోనీ.

బొంత పరిచాను. ఎక్కడ విప్పాలన్నది గుర్తుకు రాలేదు. జ్ఞాపకాన్ని వదిలేసి పనిని అడిగాను. చివికిన గుడ్డ నా చేతికి వస్తే ఎక్కడ పెడతాను? అంచుల్లో పెట్టను, అంచులు లాగుతారు. కింద పెట్టను, కాళ్ళు తంతాయి. తలవైపు పెట్టను, పిడికిట్లో పట్టి లాక్కుంటారు. కదలనిది ఎద మీద ఉన్న చోటు ఒక్కటే. అక్కడ రెండు ముక్కలు కలిసే గీత వెంట కత్తెర మొన పెట్టాను.

ఎంత దగ్గరగా కుట్టానో విప్పుతుంటే తెలిసింది. ఒక్కో కుట్టూ తెగనంటోంది. జానెడు విప్పి వేళ్ళు లోపలికి పోనిచ్చాను. పల్చటి దుప్పటి గుడ్డ తగిలింది. దాని కింద ఇంకొకటి. దాని కింద ఏమీ తగల్లేదు. రబ్బరుస్టాంపు కలం ఎత్తింది. ముంజేయి ఇంకొంచెం వంచాను. చిటికెనవేలికి గరుకుగా తగిలింది, మిరియపు గింజంత ముడి.

చెయ్యి బయటికి తీశాను. టీచరమ్మ మణికట్టు పట్టుకుని లోపలికి పంపాను.

ఆవిడ తడిమింది. లోపల వేళ్ళు కదులుతుంటే పైన గుడ్డ లేచి పడుతోంది. తర్వాత రెండు వైపులా విడదీసి, వంగి, లోపలికి చూసింది. చాలాసేపు చూసింది.

"ఎంత వంకరగా కుట్టిందో," అంది.

కాసేపటికి రబ్బరుస్టాంపు గొంతు సవరించుకుంది. "పొరపాటు మాదే పెద్దమ్మా. ఆ మాట కొట్టేస్తున్నా." పాత కాగితం తీసి కలం పెట్టింది.

"ఆగు," అన్నాను.

ఆడపడుచు నా మోచెయ్యి పట్టుకుంది. విదిలించుకున్నాను.

"ఆ మాటకు రెండు అర్థాలు. కొట్టేస్తే రెండూ పోతాయి. చెయ్యి తిరిగిన తీరు నాకు కావాలి."

"సరే, అదే ఉంచుదాం. రెండోది కాదని పక్కన రాస్తా."

"రెండోది కూడా నాదే."

సంచి బల్ల మీద పెట్టాను. ముప్ఫై ఒక్క ఏళ్ళని చెప్పాను. బొంతకు ఒకటని చెప్పాను. పసుపు పూల ముక్క తీసి టీచరమ్మ ముందు పెట్టాను. "మాసిక తీయలేదు తల్లీ. ఇది తీశాను."

కత్తెరమ్మ నుదురు కొట్టుకుంది. "సూది కోసం సోదికెళితే పాత బాగోతాలన్నీ బయటపడ్డాయట! నిన్నెవరడిగారక్కా? కత్తెర కింద ముక్క తీయనివాళ్ళు ఆ గదిలో ఎవరున్నారు? మా మనవరాలి బొమ్మకు గౌన్లు ఎక్కడివనుకున్నారు?"

"అది కూడా రాయనా?" అంది రబ్బరుస్టాంపు. కత్తెరమ్మ నోరు మూసుకుంది.

ముగ్గురూ పక్కకు వెళ్ళి మాట్లాడుకున్నారు. వచ్చి చెప్పారు. తెచ్చినవాళ్ళ బట్టలో ముక్క తీసినవాళ్ళకు గదిలో చోటు ఉండదు, అది నియమం. పెద్దమ్మే చెప్పుకున్నారు కాబట్టి చెడ్డమాట రాయం. అంతే.

"విప్పింది ఎవరు కుడతారు?" అంది టీచరమ్మ.

అందరూ బొంత వైపు చూశారు.

"ఇంకొకరి చెయ్యి పడితే తెలిసిపోతుంది," అంది కత్తెరమ్మ. దాని మేలు మరువను.

రబ్బరుస్టాంపు కాగితం తీసింది. "బొంతకు విప్పిన చోటు మూసేంతవరకు ఈమె కుట్టుగదికి రావచ్చును. మూసిన పిమ్మట రాకూడదు." ముద్ర కొట్టింది. సంచికి కూడా ఒక ముద్ర కొట్టి బీరువాలో పెట్టింది. నేను ఆ కాగితం ఆడపడుచుతో మూడుసార్లు చదివించుకున్నాను.

వాళ్ళ అన్న ముక్క మాత్రం సంచిలో లేదట. తను ముందే తీసి దాచుకుందట. ఇప్పుడు, ఇది రాస్తూ, చెబుతోంది. దాన్నేమంటారో రాయవే.

రాయట్లేదు.

జూన్ 18, బుధవారం

వెళ్ళాను. పసుపుపచ్చ బుట్ట కత్తెరమ్మ కాలితో తోసేసింది. కూర్చున్నాను. సూదిలో దారం ఎక్కించాను. జానెడంటే గంటన్నర పని. తర్వాత లేచి ఇంటికి రావాలి, ఇంక వెళ్ళకూడదు. అద్దం తుడిచాను. దారం మార్చాను. అందరూ నావైపు చూడకుండా చూస్తున్నారు.

నాలుగింటికి టీచరమ్మ బడి నుంచి వచ్చింది. "ఒక్కసారి," అని లోపల చెయ్యి పెట్టుకుని కూర్చుంది. చెయ్యి తీసేదాకా నేను కుట్టలేను కదా.

జూన్ 19, గురువారం

మళ్ళీ వచ్చింది.

"ఇవాళ మూసేస్తారా?"

"మూయాలి తల్లీ."

"మూసేస్తే ఇంక చేతికి అందదు కదా."

"అందదు. ఉందని తెలుస్తుంది."

"ఉందని మొదటి నుంచీ తెలుసు పెద్దమ్మా. నేను చూడలేదు, అంతే కదా."

సూది గుచ్చి పెట్టి వచ్చేశాను. పొద్దున్నుంచి ఒక్క కుట్టు వెయ్యలేదు, అయినా చేతులు పీకుతున్నాయి.

జూన్ 20, శుక్రవారం

అమ్మాయ్, ఆ ముద్ర కాగితం మళ్ళీ చదువు.

ఇంకోసారి.

"మూసేంతవరకు" అనే ఉందా? "కుట్టేంతవరకు" అని లేదా? సరిగ్గా చూడు, కళ్ళద్దాలు పెట్టుకో.

సరే. పడుకో.

జూన్ 23, సోమవారం

రెండు రోజులు పట్టింది. విప్పిన చోటు రెండు పెదాలూ లోపలికి మడిచాను. జేబు నోటికి అంచు కుట్టినట్టు చుట్టూ సన్నగా కుట్టాను. మూలల్లో చీలకుండా మూడేసి కుట్లు ఎక్కువ వేశాను. లోపల మాసికను కదలకుండా కింది గుడ్డకు పట్టించాను. దాని ఎర్ర కుట్లు నేను ముట్టలేదు. వంకరది వంకరగానే ఉంది. పైనుంచి చూస్తే గీతలా ఉంటుంది. చెయ్యి పెడితే తెరుచుకుంటుంది.

టీచరమ్మ కప్పుకుని చూసింది. పడుకుంటే చెయ్యి దానంతట అదే ఆ నోట్లోకి వెళుతోందంది. పసుపు పూల ముక్క నా ఒళ్ళో పెట్టి, బొంత తీసుకుని వెళ్ళింది. రబ్బరుస్టాంపు చూసింది. నేను దాచలేదు.

ఐదింటికి రబ్బరుస్టాంపు నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"అయిపోయింది కదా పెద్దమ్మా. రేపటి నుంచి..."

"ఏమయిపోయింది?"

"బొంత. ఇచ్చేశారుగా."

"ఇచ్చాను. విప్పిన చోటు మూయలేదు."

"మూయలేదా?"

"ఎక్కడ మూశాను? నోటికి అంచు కుట్టాను. టీచరమ్మ వీధి చివర దాకా కూడా వెళ్ళి ఉండదు, కావాలంటే పిలిచి చెయ్యి పెట్టి చూడు."

"అలాగైతే ఎప్పుడు మూస్తారు?"

"నీ కాగితంలో ఎప్పుడని ఉందా?"

లోపలికి వెళ్ళి కాగితం తెచ్చుకుంది. నిలబడి చదివింది. కూర్చుని చదివింది. తిప్పి వెనక వైపు కూడా చూసింది. గదిలో పన్నెండు సూదులూ ఆగిపోయాయి.

"నేను రాసింది అది కాదు పెద్దమ్మా," అంది.

"నేనన్నదీ అది కాదమ్మా. వేలిముద్ర పడ్డాక ఏం చేస్తాం? ముద్ర పడ్డాకా అంతే."

కత్తెరమ్మ ఎవరికీ కనిపించకుండా బల్ల కింద తల దూర్చి నవ్వింది. రబ్బరుస్టాంపు చాలాసేపు కాగితం వైపు, తర్వాత నావైపు చూసింది. నవ్వుతుందేమో అనుకున్నాను, నవ్వలేదు. కాగితం మడిచింది.

"రేపు ఒక తపాలా మనిషి బట్టలు వస్తున్నాయి," అంది. "కోసేటప్పుడు నేను పక్కనే కూర్చుంటా. ప్రతి ముక్కా లెక్కపెడతా."

"కూర్చో. వెలుతురుకు అడ్డం రాకుండా కూర్చో."

ఇంటికి వచ్చేసరికి కాళ్ళు పొంగాయి. నడుం లేవడం లేదు. ఆడపడుచు వేడినీళ్ళు పెట్టింది, మోకాళ్ళు పట్టింది, ఇప్పుడు రాస్తోంది. దానికీ కళ్ళు మూతలు పడుతున్నాయి.

తపాలా మనిషి బట్టలంటే ముతక గుడ్డ. సూది దిగదు. ఆ ముతకంతా ఈ చేతులతోనే గుచ్చాలి. రాయి, రేపు ఏడింటికే లేవాలి. ఇంత ముసలిదాన్ని పట్టుకుని ఇంత పని చేయిస్తారా ఎవరైనా?